తాత పాటలో పేరు

అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఒక ఫ్లాటు. 2005 ఆగస్టు, మధ్యాహ్నం. ఆసుపత్రిలో పనిచేసే సుభద్ర ఇంటికి బనియాస్ ఊళ్ళో పనిచేసే హలీమాబీ వచ్చింది.

“అట్ల కాదమ్మా, మొదట్నుంచి చెప్పండి. మాటే రాని ముసలాయన మా చెల్లెలి పేరు ఎట్ల చెప్పినాడు?”

“మాట రాదు హలీమాబీ గారూ, పాట వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి అలాగే అవుతుంది. మంచినీళ్ళు కావాలని ఒక్క ముక్క అడగలేరు. నోరు తెరిచి మన మొహంలోకి చూస్తారు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి. అదే కుర్రతనంలో పాడిన పాట ఒక్క ముక్క అందించామా, చివరిదాకా పాడేస్తారు. ఆ పాటలోంచి మాటను మెల్లగా బయటికి లాగాలి. నా ఉద్యోగం అదే. ముందు ఈ నీళ్ళు తాగండి. ఈ ఎండలో బస్సెక్కి వచ్చారు.”

“తాగుతాలే. మీరు చెప్పండి.”

“శనివారం వాయిదా అన్నారు. నన్ను వచ్చి సాక్ష్యం చెప్పమని అడగడానికేనా వచ్చింది?”

“వాయిదా సంగతి తర్వాత. నాకు ముందు ఒకటి తెలియాల. నా చెల్లెలు ఆ పని చేసిందా, చేయలేదా. దాన్ని అడిగితే ఏడుస్తాది. సుభద్రమ్మను అడుగక్కా, ఆయమ్మకి అన్నీ తెలుసు అంటాది.”

“అన్నీ తెలుసు అందా?”

“ఆ మాటే అనింది.”

“సరే, మొదటినుంచే చెప్తాను. రెండేళ్ళ కిందట చలికాలంలో, మా ఆసుపత్రి నడవాలో ఎవరో తెలుగులో తిట్టడం వినిపించింది. మనిషిని కాదు, చక్రాల కుర్చీని. ముందు చక్రం ఇరుక్కుపోయింది. నీ కాలిరగ, నాలుగడుగులు సక్కంగా నడవలేవా అంటోంది. తిరిగి చూస్తే నల్ల బురఖాలో మీ చెల్లెలు, కుర్చీలో పొడుగ్గా, తెల్లగా, కుడి చెయ్యి పడిపోయిన ముసలాయన. ఏ ఊరమ్మా అన్నాను. షహర్బాను ఆ కుర్చీ వదిలేసి నా రెండు చేతులూ పట్టేసుకుంది. రాయచోటి పక్కన అని చెప్పి, మనిషి ఎదురుగా నిలబడి తెలుగు మాట్లాడి ఎన్నేళ్ళయిందో అంది. నా చేతులు ఎంతసేపటికీ వదల్లేదు.”

“మాకు కలిసేదానికి కుదిరేదే కాదమ్మా. నేను బనియాస్‌లో వంట పనిలో, అది ఈడ. శుక్రవారం శుక్రవారం ఫోన్లో గొంతు వినేది, అంతే.”

“చెప్పేది. మా అక్క ఫోన్లో తిడితే గానీ నాకు అన్నం దిగదు అనేది.”

“ఊ. చెప్పండి.”

“ఆయన పేరు ఎడ్విన్. ఇంగ్లండులో ఏదో రేవు పట్నం. పగలు ఓడల దగ్గర సరుకు దించే పని, సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు గిటార్లు వేసుకుని పాటలు. రాక్ అండ్ రోల్ అని, అప్పుడే ఆ ఊరికి కొత్తగా వచ్చిందట. వింటే కాలు ఒకచోట నిలవదు, అలాంటి పాటలు. వీళ్ళే ఒక పాట కట్టుకుని, ఒక రికార్డు కూడా వేయించుకున్నారు. ఎవరూ కొనలేదు. తర్వాత పెళ్ళి, పిల్లలు, అందరిలాగే. భార్య పోయింది, పక్షవాతం వచ్చింది. కొడుకు ఇక్కడ ఇంజనీరు కదా, తన దగ్గరికి తెచ్చేసుకున్నాడు. తండ్రిని చూసుకోవడానికి మీ చెల్లెల్ని పెట్టుకున్నాడు.”

“రికార్డు వేసిన సంగతి అది నాతో చెప్పలేదే.”

“ఆమెకి తెలియదు. కొడుకు నాకు చెప్పాడు. వైద్యానికి పనికొస్తుందని దాన్ని క్యాసెట్లోకి ఎక్కించి నాకిచ్చాడు.”

“అయితే ఆ పాటలో ఏముందో మీకు మొదట్నుంచి తెలుసు.”

“తెలుసు. అదే చెప్తున్నాను. ఆ రకం పాటల్లో మాటకి పెద్ద విలువ ఉండదు. తాళమే ముఖ్యం. ఒక మాటని పట్టుకుని నాలుగుసార్లు విరుస్తారు, సాగదీస్తారు, మధ్యలో అర్థంపర్థం లేని కూతలు పెడతారు. ఒక మాట అనబోతున్నట్టు నోరు తెరిచి ఇంకో మాటలోకి దూకేస్తారు, వినేవాళ్ళు నవ్వాలని. ఇంగ్లీషువాళ్ళకే సగం ఇంకోలా వినిపిస్తాయి. మీ చెల్లెలికా ఇంగ్లీషు రాదు. ఆమె చెవిలోకి దూరేసరికి అదంతా తెలుగు అయిపోయేది. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, తాతకి తెలుగు ఎవరు నేర్పించినారమ్మా అని గుసగుసగా అడిగింది.”

“అది నాకూ చెప్పింది. తాత నీడ అడుగుతాడక్కా అనింది.”

“అదే. పాటలో ‘ఐ నీడ, నీడ, నీడ యూ’ అని వస్తుంది. నువ్వు కావాలి, కావాలి అని ప్రియురాలిని బతిమాలుకోవడం. ఈవిడకి నీడ అని వినిపించింది. ఆయన ఆ ముక్క ఎత్తుకోగానే కుర్చీ తోసుకెళ్ళి పెరట్లో వేపచెట్టు కింద పెట్టేది. ఆయన మొదట్లో తెల్లబోయేవాడట. తర్వాత నవ్వేవాడు. పోను పోను ఏమైందంటే, నిజంగా నీడ కావలసినప్పుడు ఆయనే ఆ ముక్క పాడటం మొదలుపెట్టాడు.”

“కమ్మల సంగతి చెప్పలేదా మీకు?”

“చెప్పకుండా ఉంటుందా. ‘బేబీ, కమలాంగ్’ అని ఒకచోట ఉంది. పిల్లా, నాతో రా అని. ఆమెకి ‘బీబీ, కమ్మలేం’ అని వినిపించింది. చెవులు తడుముకుని, అమ్మేసుకున్నా తాతా, పాప కాన్పుకి అని జవాబు చెప్పింది. ఆయనకి ఏమర్థమైందో, తన మంచి చేత్తో ఆమె బోడిచెవి ముట్టుకుని పాట మళ్ళీ పాడాడట. ఇంకోచోట ‘లోన్లీ పిల్లో’ అని ఉంది. ఒంటరి తలగడ అని. ఆమె విన్నది ‘లోన లే పిల్లో’. తలుపు దగ్గర ఎవరైనా బెల్లు కొట్టినప్పుడు ఆయన అది పాడితే, అవును తాతా, లోన ఎవురూ లేరు, మనం తలుపు తియ్యొద్దు అని ఇద్దరూ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు. నాకు అదంతా చెప్తూ నవ్వలేక నేలమీద చతికిలబడేది.”

“నవ్వేది. చిన్నప్పట్నుంచి అంతే. ఏడవాల్సిన చోట కూడా నవ్వేది. ఇప్పుడు మొగం చూస్తే నా చెల్లెలేనా అనిపిస్తాది.”

“చూశారా మీరు?”

“చూసినా. జైల్లో అద్దానికి అవతల కూర్చోబెట్టినారు, ఫోన్లో మాట్లాడాల. మీరు చెప్పండమ్మా. పేరు సంగతి చెప్పండి.”

“ప్రతి చరణం చివర్నా ఒక కూత ఉంది. ‘షూ-బా-నూ, షూ-బా-నూ’ అని. దానికి అర్థం లేదు. గిటారు ఆగినచోట నోటితో తాళం నింపడం అంతే. మీ చెల్లెలు మొదటిసారి అది విన్నరోజు పరుగెత్తుకుంటూ వచ్చింది. తాత నా పేరు పిలుస్తున్నాడమ్మా అంది. ఆ ఇంట్లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కొడుకు ఎక్స్‌క్యూజ్ మీ అంటాడు. కిరాణా షాపు మలయాళీ అతను దీదీ అంటాడు. ఇల్లు వదిలి వచ్చినప్పట్నుంచి ఇంత చక్కగా, పూర్తిగా షహర్బానూ అని పిలిచింది ఈయనేనమ్మా అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది పాటలో కూత అని చెప్పబోయాను. చెప్పలేకపోయాను.”

“ఎందుకు?”

“అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్తాం? పైగా ఆయన కూడా అలాగే అయిపోయాడు. ఆమె కనపడితే అదే పాడేవాడు. కనపడకపోతే అదే పాడేవాడు. ఆకలేసినా అదే, దుప్పటి జారినా అదే.”

“మీరు ఫైల్లో రాసినారంట.”

“రాశాను.”

“ఏమని?”

“మెరుగు కనిపిస్తోందని.”

“ఏం మెరుగు?”

“వస్తున్నాను హలీమాబీ గారూ, అక్కడికే వస్తున్నాను. ముందు ఆ రోజు సంగతి చెప్పనివ్వండి. మే నెలలో ఆ కొడుకు పెళ్ళి చేసుకున్నాడు. కోడలు చలిదేశం నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది. చెడ్డమనిషని చెప్పలేను. మామగారికి అన్నం కూడా తినిపించేది. కాకపోతే పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే పాట వినలేక చెవులు మూసుకునేది. మీ చెల్లెలు అది గమనించి, కోడలు ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన్ని పెరట్లోనే తిప్పేది. జూన్ వచ్చింది, జులై వచ్చింది. జులైలో ఇక్కడ కొళాయి సంగతి మీకు తెలుసు.”

“తెలీకేం. మిద్దె మీద టాంకీ పొద్దంతా కాగుతాది. చల్లనీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి ఊడొస్తాది. గీజరు ఆపేసి, దాంట్లో చల్లారిన నీళ్ళు వాడతాం. ఈ దేశంలో ఒక్క ఎండాకాలం ఉన్న ఎవురికైనా తెలుస్తాది.”

“షహర్బానుకి తెలుసు. ఎండ ఎక్కకముందే తొట్టి నింపి మూత పెట్టేది. మోచెయ్యి ముంచి చూసిగానీ ఆయన ఒంటిమీద చెంబుడు నీళ్ళు పోసేది కాదు. ఆ వారం ఆమెకి జ్వరం. మూడురోజులు ఎవరికీ చెప్పకుండా పని చేసింది. నాలుగోరోజు మధ్యాహ్నం ఆ కోడలే ఆమె నుదురు పట్టుకు చూసి, రెండు మాత్రలిచ్చి, వెళ్ళి పడుకో అంది. వంటింటి పక్క గదిలో పడుకుంది. ఎంతసేపు పడుకుందో ఆమెకి తెలియదు. కలలో మీ అమ్మ పిలుస్తున్నట్టు అనిపించిందట. ఊళ్ళో గేటు దగ్గర నిలబడి, సాయంత్రమైంది, ఇంటికి రామ్మా అని గొంతెత్తి పిలుస్తున్నట్టు. కాసేపటికి అది కల కాదని తెలిసింది. తాత పాడుతున్నాడు. ఎప్పుడూ పాడేట్టు కాదు, గొంతు చించుకుని. పాపం, ఆయనకి కేకెయ్యడం కూడా రాదు కదా. ఉన్నది ఆ ఒక్క కూతే.”

“యా అల్లా.”

“లేచి పరుగెత్తింది. స్నానాలగది అంతా ఆవిరి. ఆయన స్నానం కుర్చీలో ఉన్నాడు, నడుముకి కట్టిన పటకా అలాగే ఉంది, కొళాయి కాళ్ళమీద పారుతోంది. ఆమె పొగలోకి చెయ్యి పెట్టి కొళాయి కట్టేసింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆయన కాళ్ళు... అది నేను చెప్పను. వెనకాల కోడలు వచ్చింది, చేతిలో ఫోను. ఆ తలుపు దగ్గర నిలబడి చూస్తే కనిపించేది ఏమిటి? కొళాయి మీద షహర్బాను చెయ్యి. ఏం చేశావు నువ్వు అంది. ఇంగ్లీషు రాకపోయినా మీ చెల్లెలు ఆ మాట అర్థం చేసుకుంది.”

“అది నాకు చెప్పిందమ్మా. చెయ్యి కొళాయి మీద ఉండటం గుర్తుంది, అంతకుముందు ఏదీ గుర్తులేదు అంటాది. మంచం మీద నుంచి ఎప్పుడు లేచినానో, ఎట్ల నడిచినానో తెలీదక్కా అంటాది.”

“జ్వరం, మాత్రల మత్తు. ఎవరికైనా అంతే.”

“మరి ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరమ్మా?”

“ఆయన బట్టలు పాడుచేసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి ఎవరో భోజనానికి వస్తున్నారు.”

“నేను అడిగింది అది కాదు.”

“కోడలు, హలీమాబీ గారూ. కడిగేద్దామనే కూర్చోబెట్టింది. చల్లనీళ్ళ కొళాయే తిప్పింది. చల్లనీళ్ళే వస్తాయనుకుంది. ఫోను మోగితే అవతలికి వెళ్ళింది. ఆయన కుడి కాలికి స్పర్శ లేదు, ఎడమ కాలు కాలేదాకా ఆయనకి తెలిసి ఉండదు. లేవలేడు, కొళాయి అందదు.”

“ఇది మీకెట్ల తెలుసు?”

“ఆసుపత్రికి తెచ్చిన రోజు ఆవిడ నడవాలో గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నేను భుజమ్మీద చెయ్యి వేశాను. చల్లనీళ్ళ కొళాయిలోంచి అంత వేడినీళ్ళు ఎలా వస్తాయి అంది. రెండుసార్లు అంది. అప్పుడు నాకు తట్టలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. తిప్పినది చల్లనీళ్ళ కొళాయి అని, తిప్పినవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?”

“మీరు ఎవరికైనా చెప్పినారా?”

“లేదు.”

“ఎవరికీ?”

“మా ఆయనకి చెప్పాను. మూర్తికి. ఆయన కంపెనీ మూతపడి ఏడాది అవుతోంది. మేమిద్దరం, మా శ్రీజ, అందరం నా వీసా మీదే ఉన్నాం. ఆయన విని లేచి వెళ్ళి శ్రీజ గదిలో కూర్చున్నాడు. పిల్ల పదో తరగతి.”

“ఊ.”

“మీరు తిట్టండి. తిడితే బాగుంటుంది.”

“తిట్టేదానికి రాలేదమ్మా. తర్వాత ఏమైందో చెప్పండి. పోలీసులు ఆసుపత్రికి వచ్చినారంట కదా.”

“కాలిన రోగి వస్తే పోలీసుకి తెలియజెయ్యాలి. అధికారి మూడోరోజు వచ్చాడు. మర్యాదస్తుడే. అరబ్బీలో అడుగుతున్నాడు, పక్కన ఇంకొకాయన ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. మంచం పక్కన కొడుకు, కాళ్ళ దగ్గర కోడలు, తలుపు దగ్గర చేతికి కట్టుతో మీ చెల్లెలు. పెద్దాయన్ని నేరుగా అడగవచ్చా అని నన్ను పిలిపించారు. నీ మీద వేడినీళ్ళు వదిలింది ఎవరు అని అడిగారు. ఆయన ఆ ప్రశ్న వంక చూడలేదు. గదంతా వెతికాడు. తలుపు దగ్గర ఆమె కనపడింది. మంచి చెయ్యి చాపి, సన్నగా పాడాడు.”

“షూ-బా-నూ.”

“ఆ. గదిలో అందరికీ వినిపించింది. ఈమె పేరేమిటి అని అధికారి అడిగాడు. కొడుకు చెప్పాడు, షహర్బాను అని.”

“ఆ కొడుకు తెలీనోడా? నాయన పాట వానికి తెలియదా?”

“నాకు క్యాసెట్ ఇచ్చిందే అతను. తెలుసు. చెప్పి నేల చూశాడు.”

“అప్పుడు మా చెల్లెలు ఏం చేసింది?”

“ఏమీ చెయ్యలేదు. ఇంగ్లీషు మాటలు అర్థం కాలేదు గానీ ఏదో జరిగిందని తెలిసింది. నన్ను తెలుగులో అడిగింది, తాతని ఏమడిగారమ్మా అని. చెప్పాను.”

“ఏమని చెప్పినారు?”

“నీళ్ళు వదిలింది ఎవరు అని అడిగారు, ఆయన నీ పేరు చెప్పాడు అని.”

“పిలిచినాడు అని చెప్పలేదా?”

“ఏమిటి?”

“చెప్పేది వేరు, పిలిచేది వేరు కదమ్మా. మంచం మీద నొప్పితో పడున్న మనిషి, గదినిండా తెలియని మొగాలు. దాన్ని చూసి చెయ్యి చాపినాడు. అది పిలిచేది. నేను ఆడ లేకున్నా నాకు తెలుస్తాండాది. మీరు ఆడనే ఉండి...”

“అవును. పిలిచాడు.”

“అధికారి మిమ్మల్ని ఏం అడిగినాడు? అది చెప్పండి. అది మాత్రం మీరు ఇంతసేపూ చెప్పలే.”

“చెప్తాను. మీరు నా వైపు చూడకండి. ఆ కిటికీ వైపు చూడండి, చెప్తాను. ఈయన అడిగినదానికి తెలిసే జవాబు చెప్పగలడా అని అడిగాడు. నా ఫైలు ఆయన చేతిలోనే ఉంది. ఆ ఫైల్లో నేను మార్చి నెలలో ఒక మాట రాశాను. రోగిని ప్రశ్న అడిగితే అర్థం చేసుకుని, మనిషి పేరు సరిగ్గా చెప్తున్నాడని. మా ముదీర్, అదే ఆసుపత్రి పెద్ద, అది చదివి నన్ను గదికి పిలిచి మెచ్చుకున్నాడు. రెండేళ్ళలో ఒక్క రోగికీ మెరుగు రాలేదు నా దగ్గర. ఒప్పందం అయిపోవస్తోంది. ఆ ఒక్క మాట మీద నాకు మళ్ళీ మూడేళ్ళు ఇచ్చారు.”

“ఆ మాట నిజమేనా?”

“మార్చిలో అది రాసిన రోజు ఆయన్ని నలభై ప్రశ్నలు అడిగాను. నీ కొడుకు పేరేమిటి అంటే షూ-బా-నూ. ఇది ఏ ఊరు అంటే షూ-బా-నూ. వేళ్ళు చూపించి ఎన్ని అంటే షూ-బా-నూ. నీకు స్నానం పోసేదెవరు అని కూడా అడిగాను. అదే జవాబు. ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు ఫైల్లో రాసి, మిగతా కాగితం చించేశాను.”

“చించేసినారా.”

“అధికారి అడిగినప్పుడు నేను కాదు అనొచ్చు. ఈయనకి ఏ ప్రశ్నా అర్థం కాదు, ఇది పాటలో కూత, దేనికైనా ఇదే పాడతాడు అని ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. అప్పుడు ఈ ఫైల్లో రాసింది ఏమిటి అంటారు. మా ముదీర్ తలుపు బయట నిలబడి ఉన్నాడు. అవును, జవాబు చెప్పగలడు అన్నాను. ఇంగ్లీషులో మూడు మాటలు. అధికారి రాసుకున్నాడు.”

“మా చెల్లెలు ఎదురుగానే?”

“ఎదురుగానే. ఆమెకి అర్థం కాలేదు. నేను మాట్లాడితే తనకి మేలు జరిగిందనుకుంది. పోలీసులు తీసుకెళ్తుంటే నాకు నమస్కారం పెట్టింది. కట్టు కట్టిన చెయ్యి కదా, నొప్పి పుట్టి మొహం చిట్లించింది.”

“ముసలాయన?”

“వారం బతికాడు. ఆమె వెళ్ళినరోజు నుంచీ పాడుతూనే ఉన్నాడు, తలుపు వైపు చూస్తూ. నర్సులు నన్ను పిలిచేవాళ్ళు, ఏం కావాలో అడగమని. ఏం కావాలో నాకు తెలుసు. తర్వాత గొంతు పోయింది, పెదాలు ఆడేవి. గాయాలు చీము పట్టాయి. పోయాక కేసు పెద్దదైంది. ఆయన్ని మళ్ళీ అడిగి చూడమనడానికి కూడా లేకుండా పోయింది. ఆ కాగితం మీద నా మాట ఒక్కటే మిగిలింది.”

“మీరు అన్నం తింటున్నారా అమ్మా?”

“ఎందుకలా అడుగుతారు?”

“దాన్ని కూడా ఇదే అడిగినా. తినడం లేదంట. తాత పోయినాడని చెప్పినప్పట్నుంచి. నేను పోతే ఎవురు నీళ్ళు పోస్తారు ఆయనకి అని అడుగుతాండేది అంతకుముందు.”

“హలీమాబీ గారూ, నేను శనివారం వస్తాను. మూర్తితో కూడా అనేశాను ఈ పొద్దున్న. ఆయన నా చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు. ఆ క్యాసెట్ నా దగ్గరే ఉంది, తెస్తాను. జడ్జి ముందు వినిపిస్తాను. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు, మీ చెల్లెలు పుట్టకముందు, అదే కూత కూశాడని అందరూ వింటారు. నలభై ప్రశ్నల సంగతి చెప్తాను. కోడలు నడవాలో అన్న మాట చెప్తాను. నా వీసా పోతే పోనీండి, శ్రీజ కాకినాడలో చదువుకుంటుంది. నన్నే లోపల పెడితే పెట్టనీండి. రోజూ అనుకున్నాను, ఈ రోజు వెళ్ళి చెప్పేద్దామని. ఎవరైనా వచ్చి అడిగితే బాగుండునని ఎదురుచూశాను. మీరు వచ్చారు. ఎన్ని గంటలకి రావాలో చెప్పండి. కోర్టులో తెలుగు మనిషి దొరకడు, ఆమెకి నేనే పక్కన కూర్చుని మాట మాటా చెప్తాను. వింటున్నారా?”

“వింటున్నా.”

“శనివారం ఎన్నింటికి?”

“శనివారం లేదమ్మా. వాయిదా ముందుకు జరిపినారు. ఈ పొద్దున పిలిచినారు, ఆడ నుంచే నేరుగా మీ ఇంటికి వచ్చినా.”

“ఈ పొద్దున్నా? ఏమన్నారు వాళ్ళు?”

“వాళ్ళు ఏమీ అనేదానికి ముందే అది చెయ్యెత్తింది. మా తాతకి అబద్ధం చెప్పేది రాదు, ఆయన నా పేరు చెప్పినాడంటే జ్వరం మత్తులో నేనే తిప్పింటా ఆ కొళాయి అని చెప్పి, వేలిముద్ర వేసిందమ్మా.”